డొక్కలెగరేయడమంటే ఏమిటో మూడేళ్లుగా చదువుతున్నాను

ముప్ఫై నాలుగేళ్ల వయసులో ఇక్కడ బ్రిటన్‌లో పిల్లల నర్సింగు డిగ్రీలో చేరుతున్నానని గుంటూరులో ఉన్న మా అమ్మకు ఫోనులో చెప్పినప్పుడు, ఆమె కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "ఇద్దర్ని కని పెంచినదానివి, పిల్లల్ని చూసుకోవడానికి మళ్లీ చదువెందుకే?" అని అడిగింది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమెకు తెలిసిన నర్సులందరూ ముసలివాళ్లనూ, బాలింతలనూ, పిల్లలనూ ఒకే చేత్తో చూసేవాళ్లే కాబట్టి, పిల్లలకోసమే ఒక నర్సు, ఆ నర్సుకు వేరే డిగ్రీ అన్న సంగతి ఆమెకు నిజంగానే కొత్త. ఇప్పుడు నేను ఆ డిగ్రీ మూడో సంవత్సరంలో ఉన్నాను. అమ్మ ప్రశ్నకు నాకు దొరికిన జవాబును వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇందులో వచ్చే పిల్లల వయసులు, ఇతర వివరాలు ఎవరూ గుర్తుపట్టడానికి వీలులేకుండా మార్చాను. రోగుల గోప్యత మా చదువులో మొదటి రోజు నుంచీ నేర్పే నియమం.

ముందుగా ఈ చదువు ఎలా ఉంటుందో చెప్పాలి. బ్రిటన్‌లో నర్సు కావాలనుకునేవారు డిగ్రీలో చేరేటప్పుడే పెద్దలు, పిల్లలు, మానసిక ఆరోగ్యం, అభ్యసన వైకల్యం అనే నాలుగు విభాగాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. మూడేళ్లలో మొత్తం 4,600 గంటలు; అందులో సగం తరగతి గదిలో, సగం ఆసుపత్రి వార్డుల్లోనూ బయటి ఆరోగ్య సేవల్లోనూ గడవాలి. ఆ సగాన్ని ఇక్కడ ప్లేస్‌మెంట్ అంటారు. చదువు పూర్తయ్యాక నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌లో పిల్లల నర్సుగానే పేరు నమోదవుతుంది. మన దేశంలో పద్ధతి వేరు. అక్కడ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగు అందరికీ ఒక్కటే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం పిల్లల ఆరోగ్య నర్సింగు అయిదో, ఆరో సెమిస్టర్లలో వస్తుంది. దానిలోనే ప్రత్యేకంగా చదవాలంటే ఆ తరువాత రెండేళ్ల ఎమ్మెస్సీ చేయాలి. మా అక్క కూతురు ఇప్పుడు అక్కడే బీఎస్సీ నర్సింగు చదువుతోంది. అది, నేను దాదాపు ఒకేసారి ఈ దారిలోకి వచ్చాము కాబట్టి ఆదివారాలు ఫోనులో మా ఇద్దరికీ పాఠాలే కబుర్లు.

నేను డిగ్రీలో చేరడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. మైక్రోబయాలజీలో నాకున్న బీఎస్సీ ప్రవేశానికి పనికివచ్చింది గానీ, నా పదో తరగతి గణితాన్ని నేను చేరాలనుకున్న ఒక విశ్వవిద్యాలయం ఒప్పుకోలేదు; అందుకని ఫంక్షనల్ స్కిల్స్ లెవెల్ టూ అనే గణిత పరీక్షను, పెద్దబ్బాయి లెక్కల పుస్తకం పక్కనే పెట్టుకుని, మళ్లీ రాశాను. నేర చరిత్ర లేదన్న ధ్రువీకరణ, టీకాల వివరాలు, ఆ తరువాత ఇంటర్వ్యూ. ఇక్కడ స్థిర నివాస హక్కు ఉన్న తెలుగువారికి ఉపయోగపడే సంగతి ఒకటి చెబుతాను: ఫీజుకు విద్యార్థి రుణం దొరకడమే కాక, ఇంగ్లండ్‌లో నర్సింగు విద్యార్థులకు తిరిగి చెల్లించనక్కరలేని సహాయం ఏడాదికి 5,000 పౌండ్లు ఇస్తారు, పిల్లలున్నవారికి ఇంకో 2,000 పౌండ్లు వస్తాయి. ఆ రెండోది లేకపోతే మా చిన్నదాన్ని బడి తరువాత ఎవరిదగ్గరైనా వదలడానికి మాకు దారి ఉండేది కాదు.

మొదటి సంవత్సరంలో మాకు పదేపదే చెప్పిన మాట, పిల్లవాడంటే చిన్న సైజు పెద్దమనిషి కాడని. విన్నప్పుడు ఇది అందరికీ తెలిసిందేగా అనిపించింది. శరీరధర్మం పాఠాలు మొదలయ్యాకే దాని బరువు తెలిసింది. చంటిబిడ్డ ప్రధానంగా ముక్కుతోనే గాలి పీల్చుకుంటుంది కాబట్టి, మనకు చిరాకు మాత్రమే కలిగించే జలుబు ఆ బిడ్డకు పాలు తాగలేనంత ఆయాసం తెచ్చిపెడుతుంది. శ్వాసనాళం సన్నగా ఉండటం వల్ల లోపల కాస్త వాపు వచ్చినా దారి సగానికి సగం మూసుకుపోతుంది. బరువుతో పోలిస్తే ఒంటి ఉపరితలం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పోతుంది, నీరూ త్వరగా పోతుంది. అన్నిటికంటే నన్ను కదిలించినది వేరు. ఒంట్లో నీరో రక్తమో తగ్గినప్పుడు పిల్లల గుండె వేగంగా కొట్టుకుంటూ, చేతులకూ కాళ్లకూ వెళ్లే రక్తాన్ని తగ్గించుకుంటూ చాలాసేపు తట్టుకుంటుంది. రక్తపోటు అంతసేపూ మామూలుగానే కనబడుతుంది. అది పడిపోయిందంటే బిడ్డ అప్పటికే చివరి మెట్టు మీద ఉన్నట్లు. కాబట్టి యంత్రం చూపే అంకె బాగుందని ధైర్యపడకుండా, అరచేయి చల్లబడిందా, నొక్కి వదిలిన చర్మానికి రంగు రెండు సెకన్లలో తిరిగి వచ్చిందా, నడినెత్తి మీద మాడు గుంటపడిందా, డైపరు తడిసి ఎన్ని గంటలైంది అని చూడాలి. మాడు గుంటపడటం, కళ్లు పీక్కుపోవడం, డొక్కలెగరేయడం, పిల్లికూతలు అన్న మాటలు మా అమ్మమ్మ నోట నేను ఎన్నోసార్లు విన్నవే. పాఠ్యపుస్తకంలో ఒక్కొక్క గుర్తు పక్కన పెన్సిలుతో ఆ తెలుగు మాట రాసుకున్నాను. ఒక్కదానికి మాత్రమే మాట దొరకలేదు. మిగిలినవన్నీ మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే.

మందుల లెక్కల గురించి కాస్త ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే ఇది నర్సులకు ఎంత అవసరమో ఇంట్లో పిల్లలున్నవారికీ అంతే అవసరం. పెద్దవాళ్లకు పారాసిటమాల్ అంటే ఒకటో రెండో మాత్రలు. పిల్లల దగ్గర ప్రతి మోతాదూ బరువును బట్టి లెక్క కట్టవలసిందే, అందుకే మా వార్డులో బిడ్డ రాగానే జరిగే మొదటి పని బరువు తూచడం. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన ఎనిమిది కిలోల బిడ్డకు ఒకసారికి 120 మిల్లీగ్రాములు కావాలనుకుందాం. ఇక్కడ చిన్నపిల్లల సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, కాబట్టి ఒక చెంచాతో సరిపోతుంది. ఆరేళ్లు దాటిన పిల్లల సీసాలో అదే 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉంటాయి. పొరపాటున ఆ సీసా తీస్తే అదే చెంచాతో రెట్టింపుకు మించి వెళ్తుంది. మన దేశంలో చంటిపిల్లలకు అమ్మే చుక్కల మందు ఇంకా చిక్కనైనది, ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. ఊరినుంచి వస్తూ సూట్‌కేసులో ఆ చుక్కల సీసా తెచ్చుకుని, ఇక్కడి సీసాకు అలవాటుపడిన చేత్తో 5 మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు, అంటే ఆ బిడ్డకు కావలసినదానికి నాలుగింతలకు పైగా లోపలికి పోతుంది. మందు పేరు ఒక్కటే, చెంచా ఒక్కటే. తేడా అంతా సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా స్నేహితుల ఇళ్లలో మందుల అల్మరా తెరిచి ఆ అక్షరాలు చదవమని నేను మొహమాటం లేకుండా అడుగుతున్నాను.

వార్డులో ఈ జాగ్రత్త ఇంకా కఠినంగా ఉంటుంది. అరను అంకెల్లో రాసేటప్పుడు దశాంశ బిందువు ముందు సున్నా తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే 0.5 లో ఆ సున్నా లేకపోతే చుక్క కంటికి ఆనక అది అయిదుగా కనబడవచ్చు, అప్పుడు బిడ్డకు పదింతల మందు వెళ్తుంది. మైక్రోగ్రాము అన్న మాటను కుదించకుండా పూర్తిగా రాయాలి. చాలా మందులను ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్కగట్టి, జవాబు కలిసిన తరువాతే ఇవ్వాలి. మా కోర్సులో చివరి సంవత్సరపు మందుల లెక్కల పరీక్షలో నూటికి నూరు వస్తేనే ఉత్తీర్ణత. తొంభై తొమ్మిది వచ్చినా మళ్లీ రాయాలి. ఇది న్యాయమైన నియమమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

రెండో సంవత్సరంలో చదివిన చరిత్ర పాఠం నాకు ఊహించని విధంగా సొంత బాల్యాన్ని గుర్తుచేసింది. పిల్లలకోసమే ఏర్పడిన ఆసుపత్రి పారిస్‌లో 1802లోనే ఉన్నా, లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిని డాక్టర్ చార్లెస్ వెస్ట్ ప్రారంభించినది 1852 ఫిబ్రవరి 14న, 10 పడకలతో. పిల్లలకు శిక్షణ పొందిన నర్సులు వేరుగా ఉండాలన్న ఆలోచన ఇక్కడ అలాంటి చోట్లనుంచే పెరిగింది. అయితే ఆ తరువాత దాదాపు వందేళ్లపాటు ఇక్కడి ఆసుపత్రులు తల్లిదండ్రులను వార్డు బయటే ఉంచాయి. వారానికి ఒకటి రెండుసార్లు, అదీ కొద్దిసేపు మాత్రమే బిడ్డను చూడనిచ్చే చోట్లు ఉండేవి. తల్లి వచ్చి వెళ్తే బిడ్డ ఏడుస్తుంది, రాకపోతే నెమ్మదిగా ఉంటుంది కాబట్టి రాకపోవడమే మేలని అనుకునేవారు. టావిస్టాక్ క్లినిక్‌లో తల్లీబిడ్డల అనుబంధాన్ని పరిశోధించిన మనోవైద్యుడు జాన్ బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఆ నెమ్మదిని దగ్గరగా గమనించాడు. బిడ్డ మొదట గట్టిగా ఏడ్చి పోరుతుంది, తరువాత ఆశ వదులుకుని ముడుచుకుంటుంది, చివరికి తల్లి వచ్చినా పట్టనట్లు మొహం తిప్పుకుంటుంది. ఆసుపత్రి వాళ్లు సర్దుకుందని మురిసిపోయినది ఈ మూడో దశను చూసి అని ఆయన చెప్పాడు. 1952లో ఒక రెండేళ్ల పాప ఆసుపత్రిలో గడిపిన ఎనిమిది రోజులను ఆయన చలనచిత్రంగా తీసి వైద్యులకు చూపించాడు. తరగతిలో దానిలోని కొన్ని భాగాలు మాకూ వేశారు. ఆ పాప గట్టిగా ఏడవదు. ఏడుపును ఆపుకుంటూ కింది పెదవిని లోపలికి లాక్కుంటుంది. నా పక్కన కూర్చున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయి నా చేయి పట్టుకుంది.

1959లో సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతన వచ్చిన నివేదిక, తల్లిదండ్రులను ఏ వేళలోనైనా రానివ్వాలనీ, చిన్నపిల్లలతో తల్లి కూడా ఆసుపత్రిలో ఉండే వీలు కల్పించాలనీ, పిల్లలను పెద్దల వార్డుల్లో పడుకోబెట్టకూడదనీ సిఫారసు చేసింది. సిఫారసు రాగానే తలుపులు తెరుచుకోలేదు; 1961లో లండన్‌లోని బాటర్సీలో కొందరు తల్లులు సంఘం కట్టి ఆసుపత్రులను అడుగుతూ పోయాకే అది క్రమంగా అమలులోకి వచ్చింది. ఈ రోజు మా వార్డులో ప్రతి పిల్లల మంచం పక్కనా తల్లికో తండ్రికో మడిచి పెట్టుకునే పడక ఒకటి ఉంటుంది, కుటుంబాన్ని కలుపుకుని చేసే సంరక్షణ అన్నది మా ప్రతి పాఠంలోనూ ఉంటుంది.

ఆ పాఠం వింటున్నప్పుడు నాకు 1996 గుర్తొచ్చింది. ఏడేళ్ల వయసులో టైఫాయిడ్ వచ్చి నేను పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మా అమ్మమ్మ నా మంచం కింద చాప పరుచుకుని పడుకునేది. రాత్రి ఎప్పుడు కళ్లు తెరిచినా చేయి కిందికి జారిస్తే ఆమె తల తగిలేది. ఈ దేశం ఒక నివేదిక రాసి, తల్లులు పోరాడి సంపాదించుకున్నది నాకు అడగకుండానే దొరికింది. అయితే ఆ పది రోజుల్లో నాకు ఏం జరుగుతోందో ఎవరూ నాకు చెప్పలేదన్నదీ అంతే నిజం. సూది వేసే వేళకు ఇద్దరు చేతులు పట్టుకునేవారు, ఒకరు కాళ్లు పట్టుకునేవారు. అమ్మమ్మ కళ్లు మూసుకుని అటు తిరిగి నిలబడేది. తల్లిని దగ్గరుండనివ్వడం ఒకటి, ఆమెను వైద్యంలో భాగంగా చూడటం మరొకటి అని నాకు అర్థమైంది అప్పుడు కాదు, ఈ చదువులో.

అది కళ్లారా చూసినది రెండో సంవత్సరం చలికాలపు ప్లేస్‌మెంట్‌లో. నవంబరునుంచి జనవరి దాకా పిల్లల వార్డు బ్రాంకియోలైటిస్ బిడ్డలతో నిండిపోతుంది. ఆర్.ఎస్.వి. అనే వైరస్ వల్ల ఏడాదిలోపు పిల్లల ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు వాచి, జిగటతో మూసుకుపోతాయి. ఒక మధ్యాహ్నం అయిదు నెలల బాబును తీసుకుని ఒక తెలుగు కుటుంబం వచ్చింది. తల్లి రెండు రాత్రులుగా నిద్ర లేక మాట తడబడుతూ ఉంది. ఆంధ్రనుంచి చూడటానికి వచ్చిన నాయనమ్మ బాబును భుజాన వేసుకుని నిలబడి ఉంది. వచ్చినప్పుడు తీసిన అంకెలు అంత భయపెట్టేవిగా లేవు. కాగితంలో తల్లి ఆందోళనగా ఉందని మాత్రం రాసి ఉంది. నేను దగ్గరికి వెళ్లి తెలుగులో పలకరించగానే నాయనమ్మ నా చేయి పట్టుకుని, "నిన్న పొద్దుగూకినకాడ్నించి డొక్కలెగరేస్తన్నాడు తల్లీ. పాలు సగం తాగి వదిలేస్తన్నాడు. ఏడుపులో కూడా బలం లేదు. వీడి ఏడుపు ఇది కాదు," అంది.

ఈ నాలుగు మాటల్లో మా పాఠం మొత్తం ఉంది. డొక్కలెగరేయడమంటే గాలికోసం పక్కటెముకల కింది కండ లోపలికి గుంజుకోవడం. పాలు సగానికి తగ్గాయా అన్నది ఈ జబ్బులో తప్పకుండా అడగవలసిన ప్రశ్న. ఏడుపులో బలం తగ్గిందంటే బిడ్డ అలసిపోతోందని అర్థం. బాబు చొక్కా పైకెత్తి, వాచీ చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెడితే శ్వాస 64 వచ్చింది. ప్రతి శ్వాసకూ పక్కటెముకల కింద ఒక గీతలా గుంట పడి మాయమవుతోంది, దానితోపాటు తల కొద్దిగా ముందుకు ఊగుతోంది. నా పర్యవేక్షకురాలిని పిలిచాను. ఆమె వచ్చి చూసి, చార్టు మళ్లీ నింపించింది.

ఆ చార్టును ప్యూస్ అంటారు. పిల్లల పరిస్థితి దిగజారుతున్న సంగతిని ముందుగా పట్టుకోవడానికి శ్వాస, ఆక్సిజన్, గుండె వేగం వంటివాటికి మార్కులు వేసే పద్ధతి. 2023 నవంబరులో ఇంగ్లండ్ మొత్తానికీ ఒకే ప్యూస్ చార్టును తీసుకువచ్చినప్పుడు, అందులో తల్లిదండ్రుల ఆందోళనకు ఒక గడి పెట్టారు. బిడ్డను రోజూ చూసే మనిషి ఇవాళ తేడాగా ఉందని అంటే, అంకెలు మామూలుగా ఉన్నా సరే, ఆ మాటను నమోదు చేసి పై డాక్టరును పిలవవలసి ఉంటుంది. దీని వెనుక చాలా దుఃఖం ఉంది. 2021లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ల అమ్మాయి ఆసుపత్రిలో, ఇన్ఫెక్షన్ ముదిరి ఒంట్లోని అవయవాలను దెబ్బతీసే సెప్సిస్‌తో చనిపోయింది. పరిస్థితి విషమిస్తోందని తల్లిదండ్రులు చెబుతూ వచ్చినా పట్టించుకోలేదు. ఆమె తల్లి సాగించిన ప్రయత్నం వల్ల 2024నుంచి ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో మార్తా నియమం అమలులోకి రావడం మొదలైంది: కుటుంబం కోరితే వేరే బృందం వచ్చి రోగిని మళ్లీ చూడాలి. తెలుగువారికి నేను దీన్ని ప్రత్యేకంగా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే డాక్టరుగారు చూశాక మనం మాట్లాడకూడదన్న మర్యాద మనలో చాలామందికి ఉంది. ఇక్కడ మీ మాటకు చార్టులో గడి ఉంది. దాన్ని వాడండి.

ఆ మధ్యాహ్నం బాబు ముక్కుకు సన్నని గొట్టాలు అమర్చి, తేమ కలిపిన ఆక్సిజన్‌ను వేగంగా పంపే యంత్రం పెట్టారు. డాక్టరు వివరంగా మాట్లాడటానికి వచ్చినప్పుడు మాత్రం నేను పక్కకు తప్పుకోవలసి వచ్చింది. చికిత్సకు సంబంధించిన విషయాల్లో బంధువులుగానీ విద్యార్థులుగానీ అనువాదం చేయకూడదు. ఒక్క మాట తప్పినా దాని ఫలితం బిడ్డ మీద పడుతుంది. అందుకు ఫోనులో ఇంటర్‌ప్రెటర్‌ను పిలవాలి. ఆ కుటుంబానికి మొదట హిందీ ఇంటర్‌ప్రెటర్‌ను పిలిచారు. నాయనమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా పెద్దవాళ్ల ముందు కాదనడం ఎందుకని తల ఊపుతూ ఉంది. ఆ తల ఊపడాన్ని అంగీకారంగా రాసుకునే ప్రమాదం ఎంత దగ్గరగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కుదురుగా ఉండదు. తెలుగు వేరే భాష అని చెప్పి, మళ్లీ పిలిపించాము. బాబు నాలుగో రోజుకు సీసా పూర్తిగా తాగాడు. అంతవరకూ ప్రతి డైపరునూ త్రాసు మీద తూచి, ఎండు డైపరు బరువు తీసేసి, ఒక గ్రామును ఒక మిల్లీలీటరుగా లెక్కవేసి రాశాను. గంటకు కిలోకు ఒక మిల్లీలీటరు ఉందా లేదా అన్నదే ఆ రోజుల్లో నా ధ్యాస.

నొప్పి గురించి నేర్చుకున్నది నా ఇంట్లో కూడా మార్పు తెచ్చింది. మాట రాని పిల్లల నొప్పిని కొలవడానికి మొహం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్చితే ఊరుకోవడం అన్న అయిదింటికీ సున్నానుంచి రెండు దాకా మార్కులు వేసి పదికి లెక్కిస్తాము. నొప్పి తెలియకుండా చేసే క్రీము రాసి, అది పనిచేసేందుకు అరగంటో గంటో ఆగి, అప్పుడు సూది పెడతాము; పిల్లలు దాన్ని మ్యాజిక్ క్రీమ్ అంటారు. ఒక అయిదేళ్ల పాపకు చేతిలో కాన్యులా, అంటే నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం, పెట్టేముందు ఆటల నిపుణురాలు ఎలుగుబంటి బొమ్మను తెచ్చింది. ఆటతోనే పిల్లలను చికిత్సకు సిద్ధం చేయడం ఇక్కడ ఒక ఉద్యోగం. సూది లేని ప్లాస్టిక్ గొట్టాన్ని పాప చేతే బొమ్మకు పెట్టించి, అతికించి, కట్టు కట్టించింది. "నొప్పి ఉండదు" అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. "కొందరికి చురుక్కుమంటుంది, కొందరికి చల్లగా ఉంటుంది. నీకు ఎలా అనిపిస్తుందో నాకు చెప్పాలి," అంది. పాప తల్లి ఒళ్లో, తల్లి గుండెకు ఆనుకుని కూర్చుంది. సూది దిగినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి, చేయి మాత్రం కదల్చలేదు. తరువాత, "రెండూ," అని చెప్పింది. చురుక్కుమనడమూ, చల్లగా ఉండటమూ రెండూ అని. అన్నం తినకపోతే సూది వేయిస్తానని నేనూ నా పిల్లలను బెదిరించినదాన్నే. ఆ రోజు సాయంత్రం నుంచి ఆ మాట మా ఇంట్లో లేదు, ఇంకే ఇంట్లోనూ ఉండకూడదని కోరుకుంటున్నాను.

తరగతిలో నాకు బాధ కలిగించిన విషయమూ ఒకటుంది. మాకు చూపిన బొమ్మల్లో దాదాపు అన్నీ తెల్లని పిల్లలవే. దద్దురు ఎర్రగా ఉంటుందనీ, ఆక్సిజన్ తగ్గితే నీలంగా మారుతుందనీ ఆ బొమ్మల్లోనే నేర్చుకున్నాము. 1950ల తొలినాళ్లలో పుట్టిన వెంటనే బిడ్డ పరిస్థితికి మార్కులు వేసేందుకు అమెరికా డాక్టరు వర్జీనియా ఆప్గార్ రూపొందించిన స్కోరులో కూడా పుట్టిన బిడ్డకు రంగు విషయంలో పూర్తి మార్కులు రావాలంటే ఒళ్లంతా గులాబీ రంగులో ఉండాలి. మా ఇంట్లో పుట్టిన ఏ బిడ్డకూ ఆ రంగు లేదు. నేను లేచి అడిగినప్పుడు అధ్యాపకురాలు విసుక్కోలేదు, కానీ ఆమె దగ్గర చూపడానికి వేరే బొమ్మ లేదు. నల్లని, చామనఛాయ ఒంటి మీద నీలం, పాలిపోవడం, పచ్చకామెర్లు సరిగ్గా తెలియాలంటే చిగుళ్లు, కింది పెదవి లోపలి వైపు, అరచేతులు, అరికాళ్లు, కంటి తెల్లగుడ్డు చూడాలని నేను ఎక్కువగా నేర్చుకున్నది వార్డులో, ఒక నైజీరియన్ నర్సు దగ్గర. 2023లో వేర్వేరు జాతుల ఆరోగ్యంలోని అసమానతలను పరిశీలించే ఎన్.హెచ్.ఎస్. (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) రేస్ అండ్ హెల్త్ అబ్జర్వేటరీ ప్రచురించిన సమీక్ష, రంగును బట్టి నవజాత శిశువులను పరీక్షించే ఈ పద్ధతులు నల్లజాతి, ఆసియా బిడ్డల విషయంలో సరిపోవని చెప్పి మార్పులు కోరింది. మా తరువాతి బ్యాచికి బొమ్మలు మారాయని విన్నాను. చాలా సంతోషించాను.

ఇప్పుడు చివరి ప్లేస్‌మెంట్ నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వార్డులో మొదలైంది. ఇక్కడ బిడ్డల బరువు లెక్క కిలోల్లో కాదు, గ్రాముల్లో. కొందరు బిడ్డలు నా అరచేతికీ మోచేతికీ మధ్య సరిపోతారు. మధ్యాహ్నాలు తల్లో తండ్రో చొక్కా గుండీలు విప్పి, బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా గుండెల మీద పడుకోబెట్టుకుని గంటలకొద్దీ కూర్చుంటారు. కంగారూ పద్ధతి అని పిలిచే ఇది 1978లో కొలంబియాలోని బొగొటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టినది. మొన్న ఒక తండ్రి అలా కూర్చుని ఉండగా తెర మీద బిడ్డ గుండె వేగం నెమ్మదిగా కుదురుకుంటూ రావడం నేను నిలబడి చూశాను.

పోయిన ఆదివారం మా అక్క కూతురు ఫోను చేసింది. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40, అంతకు చేరినా దాటినా వేగంగా శ్వాసిస్తున్నట్లని అది గడగడ అప్పజెప్పింది. నేను చదివిన అంకెలూ అవే. తరువాత గొంతు తగ్గించి, "పిన్నీ, వార్డులో నేను దగ్గరికి వెళ్లగానే ఏడుపు మొదలెడతారు. ఏడుస్తుంటే లెక్క సరిగ్గా రాదు, ఏం చేయను?" అని అడిగింది. యూనిఫారం కనబడకుండా దూరంగా నిలబడమన్నాను. బిడ్డను మంచం మీద పడుకోబెట్టకుండా తల్లి ఒళ్లోనే ఉండనివ్వమనీ, చొక్కా ఎత్తే పని తల్లినే చేయమని అడగమనీ చెప్పాను. పాలు తాగి కళ్లు మూతపడ్డాక, పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి చొప్పున, సగం నిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చించకుండా, పూర్తి నిమిషం.

"అంతసేపు తల్లితో ఏం మాట్లాడను?" అంది.

"ఇవాళ నిన్నటికంటే తేడాగా ఏమైనా ఉన్నాడా అని లెక్కపెట్టే ముందే అడుగు," అన్నాను. "ఆ తరువాత ఆమె చెప్పేది విను."